ఏతానికి వడిసెల కడితే

విదేశాలలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు హైస్కూలు భౌతికశాస్త్రంలో తరచుగా ఎదురయ్యే ప్రాజెక్టులలో ఒకటి, రాయినో బంతినో విసిరే చిన్న యంత్రాన్ని నిర్మించి పరీక్షించటం. ఆంగ్లంలో దీనికి కాటపుల్ట్ అని పేరు. తెలుగులో క్షేపణయంత్రం అనవచ్చు. ఒక కొయ్యచట్రం, ఒక దండం, ఒక బంతి ఉంటే చాలు. బంతిని విసరాలి, అది ఎంతదూరం పోయిందో కొలవాలి, ఎందుకు అంతదూరమే పోయిందో వివరించాలి. చూడటానికి ఇది ఆటలాగానే ఉంటుంది. అయితే మీట, గురుత్వాకర్షణ, శక్తి నిత్యత్వం, ప్రక్షేపకాల గమనం అనే నాలుగు పాఠాలు ఈ ఆటలో ఒకచోట కలుస్తాయి. ఇంకా ఐదవ పాఠం కూడా ఉన్నది. కొలిచిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చునన్నదే ఆ పాఠం. పిల్లలూ పెద్దలూ కూడా సులభంగా దాటవేసేది దీనినే.

విసరటానికి మూడు మార్గాలు

బరువైన వస్తువును దూరంగా విసరటానికి మానవుడు ముఖ్యంగా మూడు మార్గాలు కనిపెట్టాడు. మొదటిది వంచిన లేదా సాగదీసిన వస్తువు యథాస్థితికి రావటంలో ఉన్న బలం. విల్లు, ఉండేలు, పంగలకర్రకు కట్టిన రబ్బరు ఈ జాతికి చెందినవి. ఐస్‌క్రీము పుల్లలతో, రబ్బరు బ్యాండ్లతో చిన్న తరగతులలో చేయించే బొమ్మయంత్రం కూడా ఇదే. రెండవది మెలిపెట్టిన తాళ్ళకట్ట విడివడటంలో ఉన్న బలం. జంతువుల స్నాయువులతోను, వెంట్రుకలతోను పేనిన తాళ్ళను బిగించి గ్రీకులు, రోమనులు ఈ మార్గాన్ని శిఖరానికి చేర్చారు. మూడవది పైనుండి పడే బరువు.

సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్ నగరపాలకుడు డయొనీసియస్ క్రీ.పూ. 399లో నలుమూలలనుండి శిల్పులను రప్పించి ఆయుధాలు తయారుచేయించాడు. గ్రీకు చరిత్రకారులు క్షేపణయంత్రం పుట్టుకను ఆ సందర్భంతోనే ముడిపెట్టారు. తరువాతి కాలంలో, క్రీ.పూ. 3వ శతాబ్దంలో, బైజాంటియం నగరానికి చెందిన ఫైలో ఈ యంత్రాల నిర్మాణంపై ఒక గ్రంథం రచించాడు. అందులో నేటి విద్యార్థి తెలుసుకోదగిన సూత్రం ఒకటి ఉన్నది. విసరవలసిన రాయి బరువును మినాలలో తీసుకొని నూరుతో గుణించాలి. దానికి ఘనమూలం కట్టాలి. వచ్చినదానికి అందులో పదవవంతు కలపాలి. అదే తాళ్ళకట్ట దూరే రంధ్రపు వ్యాసం, వ్రేలివెడల్పులలో. పది మినాల రాయిని, అనగా నేటి లెక్కలో సుమారు 4.4 కిలోల రాయిని తీసుకుంటే, నూరుతో గుణించగా 1000, ఘనమూలం 10, పదవవంతు కలుపగా 11 వ్రేలివెడల్పులు.

ఈ సూత్రం ఎవరికో స్ఫురించినది కాదు. రంధ్రాన్ని కొంచెం పెంచి, కొంచెం తగ్గించి, మరల మరల విసిరిచూసి, ఫలితాలను పోల్చి అలెగ్జాండ్రియాలోని శిల్పులు దీనిని సాధించారని ఫైలో స్వయంగా వ్రాశాడు. ఒక్క అంశాన్ని మార్చి, మిగిలినవాటిని మార్చకుండా ఉంచి, కొలిచిచూడటమనే పద్ధతిని వారు రెండువేల రెండువందల సంవత్సరాలకు పూర్వమే అనుసరించారు. నేటి విద్యార్థి చేయవలసినదీ అదే.

మూడవ మార్గమైన పడే బరువు యంత్రానికి ట్రెబుషే అని ఫ్రెంచిపేరు. దీని పూర్వరూపం చైనాలో పుట్టింది. అందులో దండం పొట్టికొసకు తాళ్ళు కట్టి పలువురు మనుషులు ఒక్కసారిగా లాగేవారు. 12వ శతాబ్దం నాటికి మధ్యధరా ప్రాంతంలో మనుషుల స్థానంలో పెద్ద బరువు వచ్చింది. 1304లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు స్కాట్లండులోని స్టర్లింగ్ కోటముందు ‘వార్‌వుల్ఫ్’ అనే మహాయంత్రాన్ని కట్టించాడు. కోటలోనివారు లొంగిపోతామన్నా, యంత్రం పనితనం చూడనిదే ఆయన ఒప్పుకోలేదని చరిత్ర చెబుతుంది. తెలుగువారి చరిత్రలోనూ ఇటువంటి యంత్రాల ప్రస్తావన ఉన్నది. 1310లో మలిక్ కాఫూర్ సేనలు ప్రతాపరుద్రుని ఓరుగల్లును ముట్టడించినప్పుడు రాళ్ళు విసిరే యంత్రాలను ఉపయోగించిన సంగతిని అమీర్ ఖుస్రో తన ‘ఖజాయిన్-ఉల్-ఫుతూహ్’ గ్రంథంలో వర్ణించాడు. విసిరిన గుండు తగిలినా వెనుకకు తుళ్ళిపోయేటంత గట్టిదని ఓరుగల్లు మట్టికోటను గురించి ఆయన వ్రాయటం విశేషం.

పల్లెలో తెలిసిన రెండు పనిముట్లు

పాఠశాల ప్రాజెక్టుకు ఈ మూడింటిలో పడే బరువు యంత్రమే అనువైనది. రబ్బరు ప్రతి ప్రయోగానికీ కొద్దిగా సాగి బలహీనపడుతుంది. ఇసుకడబ్బా బరువు మాత్రం ఉదయమూ సాయంత్రమూ ఒక్కటే. అందులో దాగిన శక్తిని లెక్కించటానికి ఒక తక్కెడ, ఒక కొలతటేపు చాలు.

ఈ యంత్రం పేరు విదేశీయమైనా, దాని అవయవాలు రెండూ తెలుగు పల్లెకు కొత్తవి కావు. మొదటిది ఏతం. నిలువు గుంజపై దూలాన్ని అడ్డంగా ఆనించి, ఒక కొసన బొక్కెన కట్టి, రెండవ వైపున బరువు పెట్టిగాని, మనిషి దూలంపై నడిచిగాని నీరు తోడే సాధనమది. రెండవది వడిసెల. జొన్నచేలో మంచెపై నిలబడి పిట్టలను తోలే కాపరి, పేనిన తాటిమధ్య వెడల్పాటి అల్లికలో రాయి ఉంచి, రెండు కొసలూ పట్టి గిరగిర త్రిప్పి, తగిన క్షణంలో ఒక కొసను వదిలేవాడు. ఏతం దూలపు పొడవాటి కొసకు వడిసెల కడితే ట్రెబుషే అవుతుంది. ఏతంలో నెమ్మదిగా జరిగే పని ఇందులో క్షణంలో జరుగుతుంది. వడిసెల కొసను వదలవలసిన క్షణాన్ని చేతికి బదులు ఒక మేకు నిర్ణయిస్తుంది.

వడిసెల ఎందుకు అవసరమన్నదానికి కాపరికి తెలిసిన సమాధానమే భౌతికశాస్త్ర సమాధానం. అది చేతికి పొడవును ఇస్తుంది, బరువును మాత్రం ఇవ్వదు. కర్రను అంతే పొడవు పెంచితే ఆ కర్రను త్రిప్పటానికే శక్తి ఖర్చవుతుంది. త్రాటికి ఆ ఖర్చు లేదు. పిల్లలను చూడటానికి వచ్చి కొన్ని నెలలు ఉండే తాతగార్లలో, అమ్మమ్మలలో ఏతాన్ని త్రొక్కినవారు, వడిసెల త్రిప్పినవారు ఇంకా ఉన్నారు. ప్రాజెక్టు నివేదికలో చరిత్రకు కేటాయించిన పుటలో రోమను సైన్యంతోపాటు వారి మాట కూడా చోటుచేసుకోదగినదే. అందులో దాక్షిణ్యమేమీ లేదు. వారు చెప్పేది యంత్రంలో సగభాగం.

కొలతలు, నిర్మాణం

పెరటిలో పరీక్షించదగిన యంత్రానికి ఈ కొలతలు సరిపోతాయి. దండం పొడవు 75 సెంటీమీటర్లు. ఇరుసు రంధ్రం ఒక కొసనుండి 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అప్పుడు పొట్టిచేయి 15, పొడవుచేయి 60, అనగా నిష్పత్తి ఒకటికి నాలుగు. ఇరుసు నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తున ఉండేటట్లు రెండువైపులా త్రికోణాకారంలో చట్రం కట్టి, వెడల్పాటి పీఠానికి బిగించాలి. పీఠం ఇరుకైతే యంత్రం తానే ఊగి, బంతికి చెందవలసిన శక్తిని తాను తినివేస్తుంది.

పొట్టికొసకు ఇసుక నింపిన డబ్బాను వ్రేలాడదీయాలి. ఇసుకతో కలిపి దాని బరువు 1,200 గ్రాములు ఉండాలి. డబ్బాను దండానికి గట్టిగా బిగించకుండా వ్రేలాడనిస్తే అది ఎక్కువ నిటారుగా దిగుతుంది, ఫలితం మెరుగుపడుతుంది. విసరటానికి స్క్వాష్ ఆటబంతి మంచిది. దాని బరువు సుమారు 24 గ్రాములు, పైగా మెత్తనిది. వడిసెలకు గట్టి నూలుత్రాడు, గుడ్డముక్క చాలు. దాని పొడవు 50 సెంటీమీటర్లతో ప్రారంభించవచ్చు. ఒక కొసను దండానికి ముడివేయాలి. రెండవ కొసకు చిన్న ఉచ్చు వేసి, దండం చివర దిగగొట్టిన తల లేని మేకుకు తగిలించాలి. బంతి మొదట జారటానికి పీఠంపై నున్నని పలక ఒకటి కావాలి.

ఎంతదూరం పోవాలి?

యంత్రాన్ని ప్రయోగించకముందే చేయవలసిన లెక్క ఒకటి ఉన్నది. దండం పొడవుకొస నేలను తాకేటట్లు వంచినప్పుడు ఇసుకడబ్బా ఎంత ఎత్తున ఉన్నదో, పూర్తిగా దిగినప్పుడు ఎంత ఎత్తున ఉన్నదో టేపుతో కొలవాలి. పై కొలతలకు ఈ తేడా సుమారు 25 సెంటీమీటర్లు. డబ్బా బరువు 1.2 కిలోగ్రాములు, గురుత్వత్వరణం 9.8, దిగిన ఎత్తు 0.25 మీటరు. మూడింటినీ గుణించగా 2.94 జౌళ్ళు. యంత్రంవద్ద ఉన్న మూలధనం ఇంతే. ఎంత నేర్పు చూపినా దీనికి మించి బంతికి ఇవ్వటం సాధ్యంకాదు.

ఈ శక్తి యావత్తూ 24 గ్రాముల బంతికే చేరిందనుకుంటే దాని వేగం సెకనుకు సుమారు 15.6 మీటర్లు. నలభైఐదు డిగ్రీల కోణంలో విడిస్తే అది 25 మీటర్ల దూరంలో పడుతుంది. ఈ దూరాన్ని తెలుగు పాఠ్యపుస్తకాలు వ్యాప్తి అంటాయి, పిల్లలు బడిలో రేంజ్ అంటారు. లెక్కలోని మెట్లన్నీ కలిపితే ఒక చక్కని సూత్రం మిగులుతుంది. ఎదురు బరువును బంతి బరువుతో భాగించి, దిగిన ఎత్తుతో గుణించి, రెట్టింపు చేస్తే గరిష్ఠ వ్యాప్తి వస్తుంది. ఇక్కడ 1,200ను 24తో భాగించగా 50. దానిని 0.25తో గుణించి రెట్టింపు చేయగా 25 మీటర్లు. ఈ సూత్రంలో గురుత్వత్వరణం కనిపించకపోవటం గమనించదగినది. చంద్రునిపై బరువు మెల్లగా పడుతుంది, కాని బంతి కూడా మెల్లగానే నేలకు దిగుతుంది. అందుచేత ఆదర్శయంత్రం అక్కడకూడా బంతిని అదే 25 మీటర్లు విసురుతుంది.

గాలి నిరోధం లేనప్పుడు ప్రక్షేపకం పరావలయ మార్గంలో పోతుందని, నలభైఐదు డిగ్రీల కోణమే గరిష్ఠ వ్యాప్తినిస్తుందని గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథంలో నిరూపించాడు. ఆ కోణానికి సమానంగా ఎక్కువ, తక్కువ ఉన్న కోణాలు సమాన వ్యాప్తినిస్తాయని కూడా చూపాడు. ముప్ఫై డిగ్రీలకూ అరవై డిగ్రీలకూ వ్యాప్తి ఒక్కటే, గరిష్ఠంలో సుమారు 87 శాతం. యంత్రంనుండి బంతి నేలకు మీటరుకుపైగా ఎత్తున విడివడుతుంది గనుక లెక్కకు కొద్దిగా అదనంగా పోవటానికి, ఉత్తమకోణం నలభైఐదుకంటె కొద్దిగా తగ్గటానికి అవకాశమున్నది.

మేకు చెప్పే మాట

మొదటి ప్రయోగంలో బంతి ముందుకు పోవటం అరుదు. అది తిన్నగా ఆకాశంలోకి లేస్తుంది, లేక వెనుకకు పోతుంది, లేదా ఎదుటి నేలను బలంగా కొడుతుంది. యంత్రం చెడిపోయిందని పిల్లలు నిరుత్సాహపడేది ఇక్కడే. నిజానికి అది చెడిపోలేదు. వడిసెల ఉచ్చు మేకునుండి తప్పుకొనే క్షణం మాత్రమే మారవలసి ఉన్నది. బంతి పైకిగాని వెనుకకుగాని పోతే ఉచ్చు త్వరగా జారిందన్నమాట. మేకును ముందుకు కొంచెం వంచాలి. బంతి ఎదుటి నేలను కొడితే ఉచ్చు ఆలస్యంగా జారింది. మేకును సరిచేయాలి. వంచిన కోణాన్ని కోణమానినితో కొలిచి వ్రాసుకోవాలి.

బంతి వెనుకకు కూడా రాగలదు కనుక యంత్రానికి ముందుగాని వెనుకగాని ఎవరూ నిలబడరాదు. అందరూ పక్కనే, దూరంగా ఉండాలి. కళ్ళకు రక్షణ అద్దాలు ధరించాలి. మీటను రెండుమీటర్ల పొడవైన త్రాటితో లాగి వదలాలి. సిద్ధంగా ఉన్న దండంపైకి వంగి దేనినీ సర్దరాదు. రాళ్ళు, లోహపు గుండ్లు వాడరాదు. పాఠశాలకు తీసుకుపోయేముందు ఉపాధ్యాయుని అనుమతి పొందటం మరువరాదు. పాఠశాలలు ఆయుధాలను పోలిన వస్తువుల విషయంలో కఠినంగా ఉంటాయి. ముందే చెబితే ఇది ప్రాజెక్టు, చెప్పకుండా తీసుకుపోతే సంజాయిషీ.

ఒక అంకె చాలదు

మేకు కుదిరిన తరువాత అసలు పరీక్ష ప్రారంభమవుతుంది. ఒకే అమరికతో ఐదుమార్లు విసరాలి. ఐదు దూరాలనూ వ్రాయాలి. ఉదాహరణకు అవి 9.6, 10.2, 10.0, 9.8, 10.4 మీటర్లు అనుకుందాం. సగటు 10.0 మీటర్లు. అతితక్కువకూ అతిఎక్కువకూ మధ్య తేడా 80 సెంటీమీటర్లు. వడిసెలను ఐదు సెంటీమీటర్లు తగ్గించి మరల ఐదుమార్లు విసరగా సగటు 10.1 మీటర్లు వచ్చిందనుకుందాం. వడిసెల తగ్గించటంవలన వ్యాప్తి పెరిగిందని నివేదికలో వ్రాయవచ్చునా? వ్రాయరాదు. ఏ మార్పూ చేయకుండానే బంతి 80 సెంటీమీటర్లు అటూఇటూ పడుతున్నప్పుడు పది సెంటీమీటర్ల తేడాకు అర్థం లేదు. తేడా కనిపించలేదని వ్రాయటమే సరైన ఫలితం. అదే సగటు 12 మీటర్లయి ఉంటే, మార్పు నిజమని ధైర్యంగా చెప్పవచ్చును.

వెనుకకు పోయిన బంతిని, ఉచ్చు చిక్కుకొని పడిపోయిన బంతిని కూడా నోటుపుస్తకంలో వ్రాయాలి. సగటులో చేర్చకపోతే ఎందుకు చేర్చలేదో పక్కనే తెలపాలి. తృప్తినివ్వని అంకెను చెరిపివేసే అలవాటు పదునాల్గవ ఏట ప్రారంభమైతే అది అక్కడితో ఆగదు.

మిగిలిన శక్తి ఎక్కడికి పోయింది?

గరిష్ఠం 25 మీటర్లు, వచ్చినది 10 మీటర్లు. నూటికి నలభైపాళ్ళు మాత్రమే. ఇది ఓటమి కాదు, తరువాతి ప్రశ్న. ఇసుకడబ్బా బంతి విడివడిన తరువాత కూడా ఊగుతూ ఉండటం కంటికి కనిపిస్తుంది. ఆ ఊపులోని శక్తి బంతికి చేరలేదు. ఇరుసువద్ద ఘర్షణ కొంత, గాలి నిరోధం కొంత. అందరూ మరచిపోయే దొంగ దండమే. దండం బరువు 200 గ్రాములైతే, దాని గరిమనాభి ఇరుసుకు 22.5 సెంటీమీటర్ల దూరంలో, పొడవువైపున ఉంటుంది. దండం నిటారుగా లేచేసరికి ఆ బిందువు సుమారు 38 సెంటీమీటర్లు పైకి పోతుంది. దానికి అవసరమైన శక్తి 0.75 జౌలు. మూలధనమైన 2.94లో నాలుగవ వంతు దండాన్ని లేపటానికే సరిపోయింది. పొడవుచేతిని చివరకు పోనుపోను సన్నగా చెక్కితే ఈ నష్టం తగ్గుతుంది. మధ్యయుగ శిల్పులు దూలాలను అలాగే చెక్కేవారు.

చట్రానికి చక్రాలు అమర్చి చూడటం మరొక మంచి ప్రయోగం. యంత్రం కదిలిపోతే శక్తి వృథా అవుతుందని తోస్తుంది. ఫలితం తరచుగా దానికి విరుద్ధంగా ఉంటుంది. చట్రం ముందుకూ వెనుకకూ కదలటంవలన బరువు మరింత నిటారుగా దిగి, బంతికి ఎక్కువ శక్తి చేరుతుంది. ఊహకూ కొలతకూ పొత్తు కుదరని ఇటువంటి చోటనే విద్యార్థి శాస్త్రజ్ఞుని పనిని రుచిచూస్తాడు.

ఎవరి యంత్రం?

ప్రవాస తెలుగు కుటుంబాలలో ఇంజనీర్లకు కొదువ లేదు. గరాజులో రంపం చప్పుడు వినగానే తండ్రి చేతులు ఊరుకోవు. ఆదివారం సాయంత్రానికి నగిషీలు దిద్దిన యంత్రం తయారవుతుంది. సోమవారం ఉపాధ్యాయుడు ‘ఇరుసును ఇక్కడే ఎందుకు పెట్టావు?’ అని అడిగినప్పుడు ఆ నగిషీ సమాధానం చెప్పదు. రంపం, డ్రిల్లు ప్రమాదకరమైనవి గనుక అక్కడ పెద్దల చేయి ఉండవలసినదే. టేపు రెండవ కొస పట్టుకొనటానికి, బంతి పడినచోట గుర్తు పెట్టటానికి కూడా మనిషి కావాలి. మేకును ఎటు వంచాలన్న ఆలోచన మాత్రం పిల్లలదే కావాలి. వారు తప్పుగా వంచి, బంతి నేలకు కొట్టి, తిరిగి సరిదిద్దుకొనే అరగంట తండ్రికి వృథాగా తోచవచ్చును. ప్రాజెక్టు అంటే ఆ అరగంటే.

అంతదూరం విసిరే యంత్రమే ఉత్తమమన్న భావం కూడా సరిదిద్దుకొనవలసినదే. అమెరికాలో సైన్స్ ఒలింపియాడ్ నిర్వహించిన ‘స్టార్మ్ ది కాసిల్’ పోటీలో పిల్లలు పడే బరువుతో పనిచేసే యంత్రాన్ని కట్టటంతోపాటు, దానిని ముందుగా పరీక్షించి, దత్తాంశాలు సేకరించి, బంతిని లక్ష్యానికి చేర్చవలసి ఉండేది. దూరం మాత్రమే కాక, ఎక్కడ పడుతుందో తెలియటానికీ అక్కడ విలువ ఉండేది.

ఇంటివద్ద కూడా ఈ పరీక్ష పెట్టవచ్చును. డబ్బాలో ఇసుకను మార్చి 600, 900, 1,200, 1,500 గ్రాముల బరువులతో ఐదేసి మార్లు విసిరి, సగటులను గ్రాఫు కాగితంపై గుర్తించి, వాటిగుండా నున్నని రేఖ గీయించాలి. తరువాత అంతవరకు వాడని 1,050 గ్రాముల బరువును డబ్బాలో పోయించి, బంతి ఎక్కడ పడుతుందో రేఖనుబట్టి చెప్పమనాలి. అమ్మాయి టేపుతో కొలుచుకొని ఆచోట పాత వార్తాపత్రిక ఒకటి పరచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, యంత్రం పక్కకు వచ్చి నిలబడుతుంది. ఇక త్రాటిని ఆమెకే ఇవ్వాలి.